గాలి వాటా

అనగనగా ఒక ఊళ్లో ఒక షావుకారు. ఆయనకో బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉండేది. కింద గోడౌనులో మైదా బస్తాలు, మూడో అంతస్తులో పిండి కలిపే మిక్సరు, మధ్యలో మెట్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హమాలీలు 50 కిలోల బస్తాలు వీపున వేసుకుని ఆ మెట్లు ఎక్కేవాళ్లు. పైకెళ్లి బస్తా విప్పి తొట్టిలో గుమ్మరించగానే పిండి లేచి గదంతా కమ్మేసేది. కనురెప్పల మీద, ముక్కుపుటాల్లో, దండెం మీద ఆరేసిన తువ్వాళ్ల మీద అంతా పిండే. దగ్గు లేని హమాలీ ఒక్కడూ లేడు.

షావుకారు చెడ్డవాడు కాడు. జీతం ఏనాడూ ఆపలేదు, పండక్కి బట్టలు పెట్టేవాడు. కాకపోతే ఆయనది లెక్కల బుర్ర. దండగ అన్న మాట వింటే ప్రాణం విలవిల్లాడేది. ఖాళీ సంచి విప్పిన దారం కూడా చుట్టి దాచేవాడు. ఖాళీగా నిలబడ్డ మనిషిని గానీ, ఖాళీగా పడున్న జాగాను గానీ చూస్తే ఊరుకునేవాడు కాదు.

హమాలీల దగ్గు రోజూ వినలేక ఆయన పట్నం నుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ గోడౌను, మెట్లు, మిక్సరు అన్నీ తిరిగి చూసి, వాక్యూమ్ లైను వేద్దామన్నాడు. కింద సంచిలో పీల్చే గొట్టం పెడితే పిండి పైపులోంచి గాలితోపాటు పైకి పోతుంది. పైన ఒక డ్రమ్ము, అందులో గుడ్డతో కుట్టిన ఫిల్టర్ బ్యాగులు. గాలి గుడ్డలోంచి దాటి బ్లోయరుకు పోతుంది, పిండి కిందికి రాలుతుంది. డ్రమ్ము అడుగున రెక్కల చక్రమున్న రోటరీ వాల్వు ఉంటుంది. అది తిరుగుతూ పిండిని మిక్సరులోకి వదులుతుంది, బయటి గాలిని మాత్రం లోపలికి రానివ్వదు.

“పిండి ఎగరదు కదా?” అన్నాడు షావుకారు.

“ఎగరదండి. బ్లోయరు లైను చివర ఉంటుంది. పైపు లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువ. ఎక్కడైనా చిల్లి పడ్డా బయటి గాలే లోపలికి పోతుంది గానీ పిండి బయటికి రాదు.”

ఆ మాటకు షావుకారు పొంగిపోయాడు. పని మొదలైంది.

మేస్త్రీ ఓపిగ్గా పనిచేశాడు. గోడౌను నేల మీద అయిదు మీటర్ల దాకా పైపు తిన్నగా పరిచి, ఆ తర్వాతే వంపు తిప్పి నిటారుగా పైకి లేపాడు. ఏటవాలుగా వేస్తే పైపు కలిసొస్తుంది కదా అని షావుకారు అడిగితే, “ఏటవాలు పైపులో పిండి వెనక్కి జారుతుందండి, అడ్డంగానో నిటారుగానో ఉండాలి” అన్నాడు. పీల్చే గొట్టాన్ని ఆయన తన చేత్తోనే చేశాడు. గొట్టం లోపల గొట్టం. లోపలి దాంట్లో పిండి పైకి పోతుంది. రెంటి మధ్యా చిటికెన వేలు పట్టేంత సందు ఉంటుంది. పిండిలో ఎంత లోతుకు దింపినా, పైనుంచి ఆ సందులోంచి గాలి దిగి గొట్టం మూతి దగ్గరికి చేరుతుంది. పిండితో కలిసి లోపలికి పోతుంది. సందు ఎంత తెరిచి ఉంచాలో సరిచేయడానికి పైన ఒక కాలరు. ఆ కాలరును ఇటు తిప్పి, అటు తిప్పి, పైపు మీద చెయ్యి పెట్టి చూసి, చివరికి ఒకచోట గీత గీశాడు.

“ఈ గీత దాటించకండి” అన్నాడు.

మరునాడు లైను నడిచింది. హమాలీలు మెట్లు ఎక్కడం మానారు. సంచులు విప్పి గొట్టం పట్టుకునే పని ఒకామెకు అప్పగించారు. అంతకు ముందు అదే గోడౌనులో రాలిన పిండి ఊడ్చేది ఆమె.

మేస్త్రీ వెళ్లబోయే రోజు షావుకారు కాఫీ ఇప్పించి, కూర్చోబెట్టి అడిగాడు. “ఇంతకీ ఒక కిలో పిండిని మోయడానికి గాలి ఎంత కావాలి?”

“మన లైనులో కిలో గాలి అయిదు కిలోల పిండిని మోస్తుందండి.”

“కిలో గాలి అంటే ఎంత?”

“ఘనపు మీటరు గాలి కిలోంబావుకు కాస్త తక్కువ తూగుతుంది. అంటే కిలోకి 830 లీటర్ల చొప్పున వేసుకోండి.”

“అయిదు కిలోల మైదా?”

“పది లీటర్లకు లోపే.”

మేస్త్రీ వెళ్లిపోయాడు. లెక్క మాత్రం షావుకారు తలలో ఉండిపోయింది. 830 లీటర్ల గాలి, పది లీటర్ల పిండి. అంటే పైపులో నూటికి 99 పాళ్లు గాలే! ఇక నెలనెలా కరెంటు బిల్లు కట్టి తాను మోయించబోయేది గాలినా? ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

తెల్లారగానే గోడౌనులోకి దిగాడు. గొట్టం మీది సందులోంచి గాలి సుయ్యిమని లోపలికి పోతోంది. చెయ్యి అడ్డం పెట్టి చూశాడు, అరచేతిని అంటుకుని లాగింది. “దండగ ఇక్కడుంది” అని కాలరును గీత దాటించి బిగించేశాడు. చాలదన్నట్టు ఒక గోనె పీలిక తడిపి సందు చుట్టూ కట్టించాడు.

గొట్టం పిండిలో దింపగానే వాక్యూమ్ గేజి ముల్లు లేచింది. అంతకు ముందు 6 అంగుళాల దగ్గర ఆడే ముల్లు 9 దాటింది, 11 దాటింది. షావుకారు మొహం వెలిగిపోయింది. “చూశారా, బలం ఎలా పెరిగిందో!” కాసేపు పిండి జోరుగా పోయినట్టే పోయింది. తర్వాత పైపులో సన్నగా వినిపించే జరజర మోత మందగించింది. ఆగి ఆగి ఒక్కో దెబ్బగా రావడం మొదలుపెట్టింది. వంపు దగ్గర పైపు వణికింది. ఆ తర్వాత ఏ మోతా లేదు. ముల్లు 15 దగ్గర కదలకుండా నిలబడింది.

సంచులు విప్పే ఆమె అంది, “బాబుగారూ, పీలిక తీసేద్దామండి. మోత మారిపోయింది.”

“ముల్లు చూడమ్మా, ముల్లు! ఇంత బలం ఉండగా పిండి ఎందుకు పోదు? సుత్తి తెచ్చి కొట్టించు.”

సుత్తితో కొట్టారు. పిండి కొంత కదిలింది, పైపు రెండు చోట్ల సొట్టలు పడింది. మర్నాటి నుంచి ఆ సొట్టల దగ్గరే పిండి పట్టుకోవడం మొదలైంది.

మిగతావి చకచకా జరిగిపోయాయి. నేల మీద తిన్నగా పరిచిన అయిదు మీటర్లూ షావుకారు కంటికి ఖాళీ జాగాగా కనిపించాయి. అక్కడ బస్తాల వరసలు పేర్చవచ్చని పైపు కోయించి, గొట్టం పక్కనే వంపు పెట్టించాడు. వారానికోసారి లైను ఆపి ఫిల్టర్ బ్యాగులు దులిపేవాళ్లు, అది గంట పని. ఆ గంటలో ఎన్ని బస్తాలు పోతాయో లెక్కగట్టి నెలకోసారి చాలన్నాడు. గుడ్డ రంధ్రాలు పిండితో పూడుకుపోయాయి. పైన రోటరీ వాల్వు రెక్కలు అరిగి గాలి అక్కడినుంచి దొంగదారిన లోపలికి రాసాగింది. కింద గొట్టం దగ్గర మూసేసిన గాలే, ఏ పనీ చేయకుండా పైనుంచి పైనే బ్లోయరుకు చేరుతోంది. షావుకారు అది చూడలేదు, ఆయన చూపంతా ముల్లు మీదే.

చివరికి పెద్ద బ్లోయరు కొన్నాడు. అప్పు చేసి మరీ కొన్నాడు. ఆన్ చేస్తే ముల్లు 15 దాకా పోయి, అది మరీ లేవకుండా బయటి గాలిని లోపలికి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఈల వేయడం మొదలెట్టింది. అదీ గాలి దండగే కదా అని ఆ వాల్వు స్ప్రింగు బిగించేశాడు. బ్లోయరును చల్లబరిచేది దాని లోపలినుంచి పోయే గాలే. ఆ గాలి కరువయ్యేసరికి ఇనుము వేడెక్కింది. రోటర్లు వ్యాకోచించి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. మధ్యాహ్నం మూడింటికి గట్టిగా ఒక చప్పుడు చేసి, కొత్త బ్లోయరు బిగుసుకుపోయింది.

ఆ రోజు మళ్లీ హమాలీలు బస్తాలు వీపున వేసుకుని మెట్లెక్కారు.

కబురందుకుని మేస్త్రీ వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. వంపు దగ్గర పైపు జాయింటు విప్పాడు. లోపల పిండి అడుగు నుంచి పై దాకా దట్టించుకుని, వేలితో పొడిస్తే దిగనంత గట్టిగా ఉంది. గొట్టం దగ్గరికి పోయి గోనె పీలిక చూశాడు. పక్కన నిలబడ్డ ఆమె వంక చూశాడు.

“నువ్వు చెప్పలేదామ్మా?”

“చెప్పానండి. ముల్లు చూడమన్నారు.”

షావుకారు తల వంచుకున్నాడు. అయినా ఆయన మనసులో ప్రశ్న అలాగే ఉంది. “మేస్త్రీ, తప్పు నాదే. కానీ ఒక్కటి చెప్పు. ముల్లు 15 చూపించింది. 6 ఉన్నప్పుడు పోయిన పిండి 15 ఉన్నప్పుడు ఎందుకు పోలేదు?”

మేస్త్రీ నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది. “బాబుగారూ, గేటు బయట బొండాలమ్మే అబ్బాయున్నాడు కదండీ. బొండానికి చిల్లి పెట్టి స్ట్రా వేసి, ఆ చిల్లి చుట్టూ మైనం పెట్టి మూసేసి తాగండి చూద్దాం. బుగ్గలు లోపలికి పోతాయి గానీ నీళ్లు రావండి. బొండంలోకి గాలి దిగితేనే నీళ్లు పైకొస్తాయి.”

షావుకారు చాలాసేపు మాట్లాడలేదు.

“ముల్లు చూపించింది బలం కాదండి” అన్నాడు మేస్త్రీ. “ఎంత ఉక్కిరిబిక్కిరి అవుతోందో చూపించింది. పిండి పోతున్నప్పుడు ముల్లు 6 దగ్గరుంటే లైను ఆరోగ్యంగా ఉన్నట్టు. 15కి పోయి పిండి కదలకపోతే దారి మూసుకుపోయినట్టు. పిండీ పోక, ముల్లూ లేవకపోతే ఎక్కడో గాలి దొంగదారిన వస్తున్నట్టు. ముల్లొక్కటే చూస్తే ఏదీ తెలియదు. ముల్లూ చూడాలి, మోతా వినాలి.”

అయిదు మీటర్ల తిన్నని పైపు మళ్లీ నేల మీదికి వచ్చింది. “సంచిలో పిండి నిలబడి ఉంటుందండి. దానికి పరుగందుకునే చోటివ్వాలి. పరుగందుకోకుండానే వంపుకు గుద్దుకుంటే అక్కడే కూలబడుతుంది.” రోటరీ వాల్వు రెక్కలు మార్చారు. బ్యాగులు దులిపారు. రిలీఫ్ వాల్వును మేస్త్రీ తన చేత్తో సరిచేసి సీలు వేశాడు. పాత చిన్న బ్లోయరునే మళ్లీ బిగించారు. కాలరు తిప్పేటప్పుడు మేస్త్రీ గీత వెతకలేదు. ఆమెను పిలిచి, పైపు మీద చెయ్యి పెట్టమని, “ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పమ్మా” అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని విని, “ఇక్కడండి” అంది. గీత దగ్గరే ఆగింది కాలరు.

ముల్లు 6 చూపించింది. మిక్సరులో పిండి పడింది.

షావుకారు పెద్ద బ్లోయరు అప్పు చాలాకాలం తీర్చాడు. గోడౌను గోడ మీద ఒక మాట రాయించాడు: “మోత మారితే గొట్టం దగ్గరున్న మనిషి లైను ఆపవచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు.”

నీతి: ఖాళీని దండగ అనుకుని పూడ్చినవాడు దారినే పూడ్చుకుంటాడు.

ఈ కథలో మనుషులు కల్పితం, గాలి లెక్క మాత్రం నిజం. పీల్చడం అంటే లాగడమని మనందరికీ ఒక భ్రమ. శూన్యం దేన్నీ లాగదు. బ్లోయరు చేసేదల్లా పైపు అవతలి చివర కాస్త చోటు ఖాళీ చేయడమే. ఆ చోటులోకి తోసుకొచ్చేది మన చుట్టూ ఉన్న వాతావరణం. పిండిని మోసేదీ అదే. గెలీలియో కాలంలో ఇటలీ బావుల దగ్గర పనివాళ్లకు ఎంత మంచి పంపు బిగించినా నీళ్లు సుమారు 10 మీటర్లకు మించి లేవకపోవడం ఒక పెద్ద చిక్కుముడి. ఆయన శిష్యుడు టారిసెల్లీ పాదరసంతో దాన్ని విప్పాడు. బయటి గాలి తోపు 76 సెంటీమీటర్ల పాదరసాన్ని, అంటే 30 అంగుళాల పాదరసాన్ని మాత్రమే నిలబెట్టగలదు. షావుకారు గేజి మీది అంగుళాలు ఆ పాదరసం అంగుళాలే. కోటి రూపాయలు పెట్టి బ్లోయరు కొన్నా ముల్లు 30 దాటదు. అందులో సగానికి వచ్చేసరికే మామూలు బ్లోయర్లు అలసిపోతాయి. వాక్యూమ్ లైనుకు బలం డబ్బుతో రాదు, దారి తెరిచి ఉంచితేనే వస్తుంది.

పిండి గాలిలో తేలుతూ పోవాలంటే పైపులో గాలి సెకనుకు 20 మీటర్లకు అటూ ఇటూగా, అంటే గంటకు సుమారు 72 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆ వేగం కాస్త తగ్గితే ముందు బరువైన రేణువులు పైపు అడుగున కూర్చుంటాయి. వాటి మీద మరికొన్ని చేరి, చివరికి లైను మూసుకుపోతుంది. అందుకే ఇలాంటి లైనులో గాలి వాటా తగ్గించి పిండి వాటా పెంచుదామనే ఆశ నష్టంతోనే ముగుస్తుంది. నూటికి 99 పాళ్లున్న గాలి కూలి తీసుకోని హమాలీ. దాన్ని దండగ కింద రాసుకున్న లెక్కే తప్పు.

గాలికి చోటివ్వకుండా మూసేయడం వల్ల పోయేది పిండి మాత్రమే అయితే నేను ఈ కథ ఇంత పట్టుదలగా చెప్పేవాణ్ని కాను. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ పేలిపోయి 14 మంది చనిపోయారు. అది వాక్యూమ్ లైను కాదు, సైలోల కింద పంచదార మోసే బెల్టు. పంచదారలో చెత్త పడకూడదని ఆ బెల్టుకు స్టీలు రేకులతో మూత బిగించారు. లోపల లేచే ధూళిని బయటికి లాగే ఏర్పాటు చేయలేదు. అంతవరకు చుట్టూ ఉన్న ఖాళీలో పలచబడే ధూళి ఆ ఇరుకులో చిక్కబడింది. నిప్పు తగిలింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో దూలాల మీద, నేల మీద పేరుకున్న పంచదార పొడి ఒకదాని తర్వాత ఒకటిగా లేచి అంటుకుంది. మైదా కూడా అలా పేలుతుంది. 1878 మే 2న మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండి మిల్లు పేలి 18 మంది పోయారు. మనం రోజూ తినే పిండీ పంచదారా గాలిలో తగిన మోతాదులో కలిస్తే మందుగుండుకు తీసిపోవు. సరిగ్గా నడిచే వాక్యూమ్ లైను ఈ ధూళిని గదిలోకి రానివ్వదు, అదే దాని గొప్ప. అయితే ఫిల్టర్ డ్రమ్ము లోపల ధూళి ఎప్పుడూ ఉంటుంది. పైపులో రాసుకుంటూ పోయే పిండికి విద్యుదావేశం వస్తుంది. ఎర్తింగు లేని పైపు మీద అది పోగుపడి ఒక్క నిప్పురవ్వ రాల్చినా చాలు.

షావుకారు జబ్బు ఫ్యాక్టరీలతోనే ఆగలేదు. పిల్లవాడి రోజులో ఆట గంట ఖాళీగా కనిపిస్తే అందులో ఇంకో ట్యూషను దూరుస్తాం. రెండు షిఫ్టుల మధ్య అరగంట కనిపిస్తే దాన్నీ ఉత్పత్తిలో కలిపేస్తాం. మార్కుల ముల్లు, టార్గెట్ల ముల్లు పైకి లేస్తుంటే బలం పెరిగిందని మురిసిపోతాం. మోత మారింది మొర్రో అని పక్కనున్నవాళ్లు అంటే వినం. లేచిన ముల్లు ఒక్కోసారి ఊపిరాడకపోవడానికి గుర్తు. ఈ విషయంలో తల్లిదండ్రులకూ యజమానులకూ నేను తేడా చూపించను.

మీకు పిండి మిల్లు ఉన్నా, పప్పు మిల్లు ఉన్నా, ప్లాస్టిక్ గింజలు పీల్చే చిన్న షెడ్డు ఉన్నా, రేపు పొద్దున లైను ఆన్ చేసే ముందు ఒకసారి చూసుకోండి. గొట్టం సందుకు ఎవరైనా పీలిక కట్టారేమో చూడండి. బ్యాగులు దులపడానికి షిఫ్టులో గంట రాసి ఉంచండి. పైపు జాయింట్ల మీదుగా ఎర్తు తీగ తెగకుండా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. రిలీఫ్ వాల్వు స్ప్రింగు జోలికి ఎవరినీ పోనివ్వకండి. గొట్టం పట్టుకుని నిలబడే మనిషి లైను ఆపితే ఎందుకు ఆపావని కోప్పడకండి, ఏం వినిపించిందో అడగండి.